ఇంగ్లండ్ పల్లెటూళ్ళో ఇల్లు కొన్నాం, ఒక చలికాలం గడిపాం

మిల్టన్ కీన్స్‌లో అద్దెకుంటున్న మనవాళ్ళు నెలకొకరైనా ఫోన్ చేసి అడుగుతున్నారు, "పల్లెటూళ్ళో కొన్నారంట కదా, ఎలా ఉంది?" అని. ప్రతిసారీ గంటసేపు చెప్పి చెప్పి నాకే విసుగొచ్చింది, అందుకని ఒక్కసారి రాసి పడేస్తున్నా, ఇకమీదట అడిగినవాళ్ళకి ఇదే పంపిస్తా. మార్కులు ముందే చెప్పేస్తే మీకు టైమ్ కలిసొస్తుంది. ఊరికి ఐదుకి నాలుగున్నర. ఇంటికి మూడు. ఇక ఈ దేశంలో ఇల్లు కొనే పద్ధతికి ఒకటి, అది కూడా చివరికి తాళాలు చేతికొచ్చాయి కాబట్టి.

మాది ఓల్నీ అనే చిన్న పట్నం దాటాక వచ్చే పల్లెటూరు. పేరు రాయను. మూడొందల గడప లేని ఊళ్ళో తెలుగువాళ్ళం మేం ఒక్కళ్ళమే, పేరు రాస్తే డోర్ నంబర్ రాసినట్టే. కారులో అరగంట వెళ్తే మిల్టన్ కీన్స్ సెంట్రల్ స్టేషన్, అక్కడ ఫాస్ట్ ట్రైన్ ఎక్కితే ముప్పై అయిదు నిమిషాల్లో లండన్ యూస్టన్, మా ఆయన వారానికి రెండు రోజులు అలా ఆఫీసుకి వెళ్ళొస్తారు. ఇల్లు 1950లలో కౌన్సిల్ వాళ్ళు, అంటే ఇక్కడి మునిసిపాలిటీ లాంటివాళ్ళు, కట్టిన సెమీ, అంటే రెండిళ్ళకి మధ్యగోడ ఒకటే. మూడు బెడ్‌రూమ్‌లు, చూడ్డానికి ఏ సొగసూ లేదు, ఎస్టేట్ ఏజెంట్ తీసిన ఫోటోల్లో కూడా లేదు. కానీ ఆ రోజుల్లో కౌన్సిల్ ఇళ్ళకి కూరగాయలు పండించుకునేంత పెరడు వదిలేవాళ్ళు, ఆ పెరడు చూసి పడిపోయాం. పెరడు చివర కంచె, కంచె అవతల గోధుమ చేను. ధర 4,60,000 పౌండ్లు. 2025 జూన్‌లో తాళాలు తీసుకున్నాం.

మన దగ్గర ఇల్లు నచ్చితే టోకెన్ అడ్వాన్స్ ఇస్తాం, అగ్రిమెంట్ రాసుకుంటాం, ఆ తర్వాత ఎవరైనా మాట తప్పితే నలుగురిలో నిలదీయొచ్చు. ఇక్కడ 'ఆఫర్ యాక్సెప్టెడ్' అని ఏజెంట్ ఫోన్ చేస్తే మేం పిచ్చివాళ్ళలా స్వీట్లు పంచాం. చట్టం లెక్కలో దాని విలువ సున్నా. కాంట్రాక్టులు ఎక్స్‌ఛేంజ్ అయి, డిపాజిట్ కట్టేదాకా అమ్మేవాళ్ళయినా కొనేవాళ్ళయినా ఎప్పుడైనా తప్పుకోవచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు. మేం మొదట చూసుకున్న ఇల్లు అలాగే పోయింది. ఇల్లు గట్టిగా ఉందో లేదో నిపుణుడితో చూపించే సర్వేకి తొమ్మిది వందల పౌండ్లు పెట్టాం, రిపోర్టు వచ్చిన మూడో రోజు ఇంకెవరో పన్నెండు వేలు ఎక్కువిస్తామన్నారని అమ్మేవాళ్ళు అటు తిరిగిపోయారు. దీనికి గజంపింగ్ అని ముద్దుపేరు కూడా ఉంది. పోయిన తొమ్మిది వందలు పోయినట్టే. ఇది చాలదన్నట్టు చైన్ అని ఇంకోటి. మాకు అమ్మేవాళ్ళు ఇంకో ఇల్లు కొనుక్కోవాలి, ఆ ఇంటివాళ్ళు మరో ఇల్లు కొనుక్కోవాలి, ఈ గొలుసులో ఎక్కడో ముక్కూమొహం తెలియని ఒక పెద్దాయన మనసు మార్చుకున్నాడంటే ఇక్కడ మా గృహప్రవేశం ఆగిపోతుంది. జనవరిలో ఒప్పుకున్న ఇల్లు జూన్‌లో చేతికొస్తే మా ఆఫీసులో "అబ్బ, తొందరగా అయిపోయిందే" అన్నారు, వెటకారం అనుకున్నా, కాదట.

ఇప్పుడు చెప్పేది మాత్రం మనవాళ్ళు రెండుసార్లు చదవండి. నా పేరు మీద మియాపూర్‌లో ఒక ఫ్లాట్ ఉంది, పెళ్ళికి ముందు నాన్న కొనిచ్చింది, నేను అందులో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు, మొదట్నుంచీ అద్దెకే ఉంది. ఈ దేశంలో మొదటి ఇల్లు కాబట్టి మేం ఫస్ట్ టైమ్ బయ్యర్లమే, స్టాంప్ డ్యూటీలో తగ్గింపు వస్తుంది అనుకున్నాం, లోన్ చూసిపెట్టిన బ్రోకర్ కూడా అదే లెక్క కట్టి స్టాంప్ డ్యూటీ 8,000 అన్నాడు. తర్వాత సొలిసిటర్, అంటే ఇల్లు కొనే కాగితాలు చూసే లాయరు, దగ్గర్నుంచి ఒక ఫారం వచ్చింది, అందులో ఒక ప్రశ్న, ప్రపంచంలో ఎక్కడైనా మీ ఇద్దరిలో ఎవరికైనా ఇల్లుందా అని. ఉంది. అయిపోయింది. ఇండియాలో ఉన్నా ఇల్లు ఇల్లే, మన వాటా విలువ 40,000 పౌండ్లకి చేరిందంటే లెక్కలోకి వచ్చేస్తుంది, కలిసుంటున్న భార్యాభర్తల్ని ఒకటిగానే చూస్తారు కాబట్టి మా ఆయన ఒక్కళ్ళ పేరు మీద కొన్నా తప్పించుకోలేం. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్లతో మామూలు డ్యూటీ 13,000, దాని మీద రెండో ఇల్లు కింద మొత్తం ధరలో ఐదు శాతం, అంటే ఇంకో 23,000. ఎనిమిది వేలు అనుకున్నచోట ముప్పై ఆరు వేలు! ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగలేదు. "మీ నాన్న ఇచ్చిన ఫ్లాటే కదా" అని మా ఆయన ఒక్కసారి అన్నారు, ఒక్కసారే అన్నారు, నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పోనీ ఇప్పుడు ఫ్లాట్ అమ్మేస్తే వెనక్కి వస్తుందా అంటే, మూడేళ్ళలోపు పాత ఇల్లు అమ్మి రీఫండ్ తెచ్చుకునే వీలు అంతకుముందు తాము కాపురమున్న ఇంటికే, అద్దెకిచ్చినదానికి కాదు. ఇక్కడి ఇల్లు చేతికి రాకముందే అమ్మేసి ఉంటే ఆ 23,000 మిగిలేవి. అందుకని కొనే ఆలోచన మొదలైన రోజే సొలిసిటర్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగండి, బ్రోకర్‌ని కాదు.

డిపాజిట్‌లో కొంత మావయ్య గారు తెనాలి దగ్గర పొలం అమ్మి పంపారు. ఆ డబ్బు ఎక్కడిదో కాగితాలతో చూపించాలి, మనీ లాండరింగ్ రూల్స్. సేల్ డీడ్ మొత్తం తెలుగులో ఉంది, తర్జుమా చేయించి పంపాం, తూర్పు ఫలానావారి పొలం, పడమర బోదె అని హద్దులతో సహా. "బోదె అంటే ఏమిటి, వివరించగలరు" అని సొలిసిటర్ ఆఫీసు నుంచి మెయిల్! పంట కాలవలోంచి చేలకి నీళ్ళు తెచ్చే చిన్న కాలవ అని నేను లెటర్ రాసి సంతకం పెట్టాను. అటువైపు ఇండియాలో బ్యాంకువాళ్ళు ఆ ఏడాదికి ఏడు లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద ఇరవై శాతం టీసీఎస్ (విదేశానికి డబ్బు పంపేటప్పుడు ముందే పట్టుకునే పన్ను) కట్టించుకున్నారు, 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు పది లక్షలైంది. రిటర్న్ వేస్తే సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కున్నట్టే.

బ్యాంకువాళ్ళు చేయించే వాల్యుయేషన్‌ని సర్వే అనుకునేరు, అది వాళ్ళ అప్పు భద్రం కోసం. మేం లెవెల్ త్రీ అనే పెద్ద సర్వే చేయించాం. పైకప్పు, గోడల తేమ, కిటికీలు, అన్నీ చూసి అరవై పేజీలు రాశాడు, ఒక్క డ్రైనేజీ దగ్గర మాత్రం 'మూత తెరవలేదు' అని వదిలేశాడు. ఆ మూత కింద ఉన్నది సెప్టిక్ ట్యాంక్, అదీ పక్కింటికీ మాకూ ఉమ్మడి. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ మెయిన్ డ్రైనేజీ ఉండి తీరాలనేం లేదని మాకెవరూ చెప్పలేదు, మాకూ అడగాలని తోచలేదు. సెప్టిక్ ట్యాంక్ నీళ్ళు నేరుగా వాగులోకో కాలవలోకో వదలడం 2020 నుంచి కుదరదు, అలా ఉంటే లక్షణంగా వేల పౌండ్లు పెట్టి మార్చుకోవాలి, మాది భూమిలోకి ఇంకే రకం కాబట్టి బతికిపోయాం. ఏడాదికోసారి ట్యాంకర్ వచ్చి తోడుకుపోతుంది, ఖర్చు పక్కింటివాళ్ళూ మేమూ చెరిసగం. మావయ్య గారికి ఈ సంగతి చెప్తే వీడియో కాల్లో ఆయన అడిగింది ఒకటే, "ట్యాంకు ఏ మూలనుందమ్మా?" ఈశాన్యం కాదు లెండి. వాస్తు అంటే గుర్తొచ్చింది, ఇక్కడ తెల్లవాళ్ళు దక్షిణం వైపు పెరడు కావాలని ప్రాణం పెడతారు, ఎండ పడుతుందని. పెరడు దక్షిణమైతే ఇంటి ముఖం ఉత్తరమేగా, వాళ్ళ పిచ్చీ మన పిచ్చీ ఒకేచోట కలిసింది.

కాగితాల్లో ఇంకో వింత. పాత చర్చి ఉన్న ఊళ్ళలో ఆ చర్చిలో బలిపీఠం ఉండే భాగం రిపేరు ఖర్చు కొన్ని భూములు ఉన్నవాళ్ళ నెత్తిన పడే పాత బాధ్యత ఒకటుంది. వార్విక్‌షైర్‌లో ఆస్టన్ కాంట్లో అనే ఊళ్ళో ఒక జంట దీనిమీద అప్పట్లో అన్నిటికన్నా పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి 2003లో ఓడిపోయారు. మాకు చిన్న ఇన్సూరెన్స్ తీసుకోమన్నారు, తీసుకున్నాం.

కంప్లీషన్, అంటే మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజు, శుక్రవారం అన్నారు. ముహూర్తం మన చేతిలో ఉండదు, డబ్బు అవతలి సొలిసిటర్ ఖాతాలో పడ్డాకే ఏజెంట్ తాళాలిస్తాడు. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు, అత్తయ్య తెనాలి నుంచి పావుగంటకోసారి ఫోన్. తాళాలు పన్నెండూ నలభైకి ఇచ్చారు, అందరం ఊపిరి పీల్చుకుని, కుడికాలు పెట్టి, పాలు పొంగిద్దామని వంటింట్లోకి వెళ్తే స్టవ్ లేదు. స్టవ్ ఉండాల్సిన చోట గోడకి నలుచదరంగా జిడ్డు మరక, కింద ఒక వైరు, ఒక ఎండిపోయిన బఠాణీ గింజ. కర్టెన్ రాడ్లు కూడా ఊడదీసుకుపోయారు. అమ్మేవాళ్ళు ఏమేం తీసుకుపోతారో, ఏమేం వదిలేస్తారో టిక్కులు పెట్టే ఫారం ఒకటుంటుంది, టీఏ10 అంటారు, అందులో శుభ్రంగా రాశారు, మేమే చదవలేదు. కారు డిక్కీలో క్యాంపింగ్ స్టవ్ ఉండబట్టి సరిపోయింది, వంటింటి నేల మీద చతికిలబడి పాలు పొంగించాం. పొంగాయి, బాగానే పొంగాయి, ఆ మరక వినైల్ మీద ఇప్పటికీ ఉంది.

ఇక అసలు సంగతి, వేడి. ఊళ్ళో గ్యాస్ లైన్ లేదు. పెరట్లో ఒక మూల వెయ్యి లీటర్ల ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకు, అందులో హీటింగ్ ఆయిల్, ఆ ఆయిల్‌తోనే బాయిలర్, రేడియేటర్లు, స్నానానికి వేణ్ణీళ్ళు. హీటింగ్ ఆయిల్ అంటే ఏదో అనుకున్నా, మొదటిసారి మూత తీసి వాసన చూస్తే కిరసనాయిలు! చిన్నప్పుడు ఖమ్మంలో రేషన్ షాపు ముందు డబ్బా పట్టుకుని నిలబడి తెచ్చిన నీలం కిరసనాయిలు, అది దాటి ఇంత దూరం వస్తే మళ్ళీ అదే. నవ్వొచ్చింది గానీ జనవరిలో ఆ నవ్వు పోయింది. ట్యాంకులో ఎంతుందో చూపించే చిన్న మీటరు వంటింట్లో ఉంటుంది, పదికి నాలుగు గీతలు చూపిస్తోంది. నవంబరులో నాలుగు, డిసెంబరులో నాలుగు, జనవరిలోనూ నాలుగే. చలికాలంలో రోజూ కాలుస్తున్నా తగ్గడం లేదంటే మంచి బాయిలర్ అనుకున్నాం గానీ, సెన్సర్‌లో బ్యాటరీ చచ్చిపోయిందేమోనన్న అనుమానం ఒక్కళ్ళకీ రాలేదు, ఇద్దరం సాఫ్ట్‌వేర్ వాళ్ళం మళ్ళీ. ఒక శనివారం రాత్రి బాయిలర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బయట మైనస్ నాలుగు.

పొద్దున్నే పక్కింటి పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి, టమాటా మొక్కలకి పాతే వెదురు కర్ర ఒకటి పట్టుకొచ్చి, ట్యాంకులో దింపి, పైకి తీసి, వెలుగులో పెట్టి చూశాడు. కర్ర చివర బొటనవేలి గోరంత తడి. మా తాతయ్య బావిలో నీళ్ళు చూసినప్పుడు పెట్టే మొహమే పెట్టాడు. ఆయిల్ కనీసం 500 లీటర్లు ఆర్డర్ చెయ్యాలి, మామూలుగా అయితే ఎనిమిది పనిదినాలు, అర్జెంటంటే రేటు వేరు. ట్యాంకు ఎండిపోతే అడుగున ఉన్న మడ్డి పైపులోకి వెళ్ళిపోతుంది, గాలి చేరుతుంది, ఆయిల్ పోసినా బాయిలర్ దానంతటది వెలగదు, మెకానిక్ వచ్చి గాలి తీయాలి. ఆ నాలుగు రోజులూ రెండు కరెంటు హీటర్లు పెట్టుకుని అందరం ఒక్క గదిలో పడుకున్నాం, పిల్లాడికి మాత్రం పండగలా ఉంది. గ్యాస్‌కీ కరెంటుకీ ఆఫ్‌జెమ్ అనే ప్రభుత్వ నియంత్రణ సంస్థ పెట్టిన ధర హద్దు ఉంది, ఆయిల్‌కి అదీ లేదు, మార్కెట్ ఎంతంటే అంత. ఇంటికి మార్కులు తగ్గించింది ఇందుకే.

ఇన్ని తిట్టి ఊరికి నాలుగున్నర ఎందుకిచ్చానంటే, ఆ నిశ్శబ్దం. రాత్రి తొమ్మిది తర్వాత ఒక్క చప్పుడుండదు, వీధి దీపాలు లేవు, మబ్బు లేని రోజు చుక్కలు మా ఊళ్ళో డాబా మీద పడుకున్నప్పుడు కనిపించినట్టు కనిపిస్తాయి. మంగళవారం సాయంత్రం చర్చిలో గంటలు ప్రాక్టీస్ చేస్తారు, ఒక్కో గంటకి ఒక్కో మనిషి తాడు పట్టుకుని లెక్క తప్పకుండా వరస మార్చి మార్చి కొడతారు, మొదటి వారం తలనొప్పి, ఇప్పుడు ఆ టైముకే పప్పు స్టవ్ మీద పెడతా. పెరట్లోకి కుక్కంత ఉండే మంట్‌జాక్ జింకలు వస్తాయి, నూరేళ్ళ కిందట పక్కనే ఉన్న వోబర్న్‌లో తెచ్చి పెంచినవాటి సంతానమట. నేను వేసిన మెంతికూర మొత్తం అవే తినేశాయి. చుక్కకూర ముట్టుకోలేదు.

అత్తయ్య ఏప్రిల్‌లో వచ్చారు. రెండో రోజే అడిగారు, "అమ్మాయ్, ఈ ఊళ్ళో మనుషులేరీ?" ఉన్నారు, తలుపులు వేసుకుని ఉన్నారు. ఇక్కడ ఎవరింటికీ ఊరికే వెళ్ళరు, అరుగు మీద కూర్చోరు, మేం దిగినప్పుడు కూడా పక్కింటివాళ్ళు కార్డు ఒకటి తలుపు సందులోంచి వేసి వెళ్ళారే తప్ప బెల్ కొట్టలేదు. మన ఊరి సందడి గుర్తొచ్చి పల్లెటూళ్ళో కొనాలనుకునేవాళ్ళు ఉంటే ఆ భ్రమ ఇక్కడే వదిలేసుకోండి. అత్తయ్యకి కాలక్షేపం దొరికింది మాత్రం ఫుట్‌పాత్‌లో. ఇక్కడ ఫుట్‌పాత్ అంటే రోడ్డు పక్క బండలు కాదు, పొలాల మధ్యలోంచి ఊరూరా పోయే కాలిబాటలు, భూమి ఎవరిదైనా ఆ బాటన నడిచే హక్కు అందరికీ ఉంటుంది. ఆవిడ నమ్మలేదు. "పరాయివాళ్ళ చేలోంచి పోతే తిట్టరూ?" అని మొదటి రోజు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, దొంగతనానికి వెళ్ళినట్టు అడుగులేశారు. కనుచూపు మేర పసుపు పచ్చగా రేప్‌సీడ్ విరగబూసి ఉంది, "ఆవాలే ఇవి" అని ఒక ఆకు తుంచి నలిపి వాసన చూశారు. ఆవ జాతే మరి. ఎదురొచ్చిన రైతు ట్రాక్టర్ ఆపి గుడ్ మార్నింగ్ చెప్పాడు. అప్పట్నుంచి రోజూ వెళ్ళారు, వెళ్ళిపోయే ముందు రోజు కూడా.

మిగతావి గబగబా. కార్లు రెండు కావాలి, ఇది బేరం లేని మాట. బస్సు రోజుకి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఊరి రోడ్డు ఒక కారు పట్టేంత, రెండు పక్కలా మనిషెత్తు పొదలు, అలాంటి రోడ్డు మీద కూడా చట్టప్రకారం అరవై మైళ్ళ స్పీడు ఉండొచ్చని బోర్డు, మలుపులో ట్రాక్టర్ ఎదురైతే వంద గజాలు రివర్స్ వెళ్ళాల్సింది మీరే. సూపర్‌మార్కెట్ వ్యాన్లు వస్తాయి, బిర్యానీ రాదు. సోనామసూరి, కరివేపాకు మిల్టన్ కీన్స్ నుంచే. కరెంటు తీగలు స్తంభాల మీద ఉన్నాయి, గాలివానకి పోతుంది, 105కి ఫోన్ చెయ్యాలి. బాలాజీ గుడికి బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్ వెళ్ళాలంటే ఒక పూట పోతుంది. గ్రామర్ స్కూల్, అంటే పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే ప్రభుత్వ బడి, ఆశతో ఈ వైపు చూసేవాళ్ళకి ఒక మాట, ఓల్నీ బకింగ్‌హమ్‌షైర్ అని రాస్తారు గానీ కౌన్సిల్ మిల్టన్ కీన్స్‌ది, ఆ గ్రామర్ స్కూళ్ళ పద్ధతి ఈ కౌన్సిల్‌లో లేదు.

కొనేముందు వర్షాకాలంలో, అంటే ఇక్కడ ఎప్పుడైనా అనుకోండి, ఒకసారి ఏటి వైపు వెళ్ళి చూడండి. గ్రేట్ ఊజ్ నది పొంగితే ఓల్నీ పచ్చికబయళ్ళు చెరువులవుతాయి, 2020 క్రిస్మస్‌కి ఈ నది ఒడ్డున చాలా ఇళ్ళు మునిగాయి. ప్రభుత్వం వాళ్ళ ఫ్లడ్ మ్యాప్ ఉచితం, పోస్ట్‌కోడ్ కొడితే వస్తుంది. అలాగే కౌన్సిల్ ప్లానింగ్ సైట్‌లో వెనక పొలం గురించి వెతకండి. కిటికీలోంచి కనిపించే దృశ్యం మీద ఈ దేశంలో ఎవరికీ హక్కు లేదు, రేపు ఆ గోధుమ చేనులో ఎనభై ఇళ్ళు లేచినా ప్లానింగ్‌కి అభ్యంతరం రాయడం తప్ప చేసేదేం లేదు.

ఫిబ్రవరిలో ఓల్నీలో పాన్‌కేక్ పరుగు పందెం చూశాం, 1445 నుంచి ఉందని చెప్పుకుంటారు, ఆడవాళ్ళు ఏప్రన్ కట్టుకుని పెనంలో పాన్‌కేక్ పట్టుకుని బజారు నుంచి చర్చి దాకా 415 గజాలు పరిగెడతారు. అట్టు తిరగేస్తూ పరిగెత్తడంలో నాకెవరూ సాటి రారు గానీ ఓల్నీలో కాపురమున్నవాళ్ళకే అవకాశమట. మూడు మైళ్ళు తేడా కొట్టింది.

జనవరి గొడవ తర్వాత పక్కింటాయన మా ఆయన నంబర్ తీసుకెళ్ళి ఊళ్ళోవాళ్ళ ఆయిల్ గ్రూప్‌లో చేర్చాడు. నలభై ఇళ్ళు కలిసి ఒకేసారి ఆర్డర్ పెడతారు, లీటరుకి నాలుగైదు పెన్నీలు తగ్గుతుంది, మనుషులేరీ అని అత్తయ్య అడిగిన మనుషులందరూ ఆ గ్రూప్‌లోనే ఉన్నారు. నిన్న అందులో మెసేజ్, వచ్చే గురువారం ట్యాంకర్ వస్తోంది, ఎవరెవరికి ఎంతెంత కావాలో చెప్పండి అని. మీటరుకి కొత్త బ్యాటరీ వేశాం గానీ నేను దాన్ని నమ్మను. వెదురు కర్ర తీసుకుని పెరట్లోకి వెళ్ళి, ముంచి చూసి, 650 అని పెట్టా.